ములీన్ మొక్క మన ఇసక నేలలో వస్తదా? కావలి దగ్గర, రోజంతా ఎండ

కావలి పెరడు
అందరికీ నమస్తే. మాది కావలికి సముద్రం వైపు పల్లె. ఇంటెనక నాలుగు సెంట్ల ఖాళీ జాగా ఉండాది, ఇసక కలిసిన ఎర్రమట్టి, పొద్దున లేచిందగ్గర్నుంచి సాయంత్రం దాకా ఎండే, ఒక్క చెట్టు నీడ కూడా పడదు, వాన ఎంత కొట్టినా కాసేపటికి నీళ్ళు ఇంకిపోతాయి. గులాబీలు పెడితే మాడినాయి, బంతి, బిళ్ళగన్నేరు తప్ప ఏదీ నిలబడటం ల్యా. మా తమ్ముడు ఆర్మీలో ఉండాడు, హిమాచల్‌లో పోస్టింగ్, ఈసారి లీవుకి వస్తా వస్తా రోడ్డు పక్కన ఎండిపోయిన కంకి ఒకటి కవర్లో పెట్టుకొచ్చాడు. దులిపితే గింజలు నస్యం అంత సన్నం. ఫోన్లో ఫొటోలు చూపించాడు, మనిషికంటే ఎత్తు కంకి, దానికి పసుప్పచ్చ పూలు, కింద ఈ చివర నుంచి ఆ చివరకి మెత్తటి నూగుతో పెద్ద పెద్ద ఆకులు. ములీన్ అంటారంట. యూట్యూబ్‌లో చూస్తే ఎండ బాగా పడాలి, నీళ్ళు నిలవని నేల కావాలి, ఎరువు అక్కర్లా అంటావుండారు. ఇదంతా మా పెరడు గురించే చెప్తావుండారు కదా అనిపించింది. మన నెల్లూరు, ప్రకాశంలో ఎవరన్నా పెంచినారా? గింజలు ఎప్పుడు పోయాలి?

కనిగిరి కుర్రాడు
అక్కా ఎండా, రాళ్ళూ, నీళ్ళు లేకపోవటమే కావాలంటే మా కనిగిరి మొత్తం దానికే రాసిచ్చేస్తాం, వచ్చి వేసుకోండి

పెన్నా గట్టు
అమ్మా, అది వెర్బాస్కమ్ థాప్సస్. కాశ్మీరు, హిమాచల్, ఉత్తరాఖండ్ కొండల్లో రోడ్ల పక్కన, విరిగిపడిన కొండచరియల మీద దానంతటదే పుడుతుంది, మీ తమ్ముడు తెచ్చింది అదే అయ్యుంటుంది. నేను బోటనీ చెప్పి రిటైర్ అయినవాణ్ణి కాబట్టి కొంచెం పెద్దగా రాస్తా, ఓపిక చేసుకోండి.

మామూలుగా అది రెండేళ్ళ మొక్క. మొదటి ఏడు నేలకి అతుక్కుని గుండ్రంగా ఆకులే పరుచుకుంటాయి, ఒక్కో ఆకు అర మీటరు దాకా కూడా సాగొచ్చు. రెండో ఏడు ఆ మధ్యలోంచి కాడ లేచి 2 మీటర్ల దాకా పోయి, పూసి, గింజ రాలి, చచ్చిపోతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ కాడ లేవాలంటే ఆకుల దశలో ఉన్న మొక్క మీదుగా ఒక చలికాలం గడవాలి, అది కూడా వారాల తరబడి గట్టి చలి. చలి సోకనంత కాలం ఆకుల మీద ఆకులు వేసుకుంటా కూర్చుంటుంది. మన నెల్లూరులో సంక్రాంతి తెల్లవారుజాము కూడా 20 డిగ్రీల దగ్గరే తచ్చాడుతుంది కదా. యూట్యూబ్ వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు, ఎండ సంగతీ నేల సంగతీ చెప్పారు, చలి సంగతి చెప్పలేదు, ఎందుకంటే వాళ్ళ ఊళ్ళో అది అడక్కుండానే వచ్చిపోతుంది.

కాబట్టి మొక్క వస్తుందా అంటే వస్తుంది. పువ్వు వస్తుందా అంటే మన తీరంలో నేను హామీ ఇవ్వను.

కావలి పెరడు
అయ్యో మాష్టారూ, నేను పూల కోసమే గదా అనుకుంటా ఉండా

టంగుటూరు నారుమడి
అక్కా పూల సంగతి మాష్టారు చెప్పారు గదా, మొలిపించే సంగతి నేను చెప్తా, ఎందుకంటే మాది తాతల కాడ్నుంచి పొగాకు నారు పోసే ఇల్లు. మీరు చెప్పే గింజ సైజు వింటుంటే అచ్చం మా పనే. పొగాకు గింజ గ్రాముకి పది వేలకి పైన ఉంటాయి, చేత్తో చల్లితే ఒకచోటే గుప్పెడు పడిపోద్ది, అందుకని సన్నిసక జల్లించి దాన్లో బాగా కలిపి అప్పుడు చల్లుతాం, లేకపోతే రోజ్ క్యాన్‌లో, అదే సన్న బొక్కల మూతి ఉండే డబ్బాలో, నీళ్ళల్లో కలిపి కదుపుతా పోస్తాం. మడి జానెడు ఎత్తు లేపాలి, చుట్టూ కాలవ తీయాలి, పైన గడ్డ అనేది లేకుండా చదును చేయాలి. గింజ మీద మట్టి కప్పకూడదు. మా చుట్టాలొకాయన కొత్తగా నారు పోసేవాడు మంచిదనుకోని పైన ఎరువు మందంగా పరిచాడు, ఒక్కటంటే ఒక్కటి రాలా.

మీ ములీన్ గింజక్కూడా అంతేనా మాష్టారూ, వెలుతురు కావాలా?

పెన్నా గట్టు
కావాలి. వెలుతురు తగిలితేనే మొలుస్తుంది, అర సెంటీమీటరు లోతుకి పోయినా పైకి రావటం కష్టం. పైన చల్లి అరచేత్తో మెల్లగా ఒత్తి వదిలేయటమే. కుండీలో అయితే పైనుంచి నీళ్ళు పోయకుండా కింద పళ్ళెంలో నీళ్ళు పెట్టి పీల్చుకోనివ్వండి. రెండు మూడు వారాల్లోపు మొలకలు కనపడాలి.

ఇంకో సంగతి, ఉన్న గింజలన్నీ ఒకేసారి పోసెయ్యొద్దు. ఈ జాతి గింజలకి చావు లేదంటే నమ్మరు. అమెరికాలో మిషిగన్‌లో బీల్ అనే ప్రొఫెసరు 1879లో రకరకాల కలుపు మొక్కల గింజల్ని ఇసకతో కలిపి సీసాల్లో పోసి భూమిలో పాతిపెట్టాడు. ఎన్నో ఏళ్ళకొకసారి ఒక సీసా తవ్వి చూస్తారు, పాతిన జాగా ఎవరికీ తెలీకుండా రాత్రి పూట చీకట్లో తవ్వుతారు. 2021లో తవ్విన సీసాలో కూడా మొలకలు వచ్చాయి, 141 ఏళ్ళు దాటాక, వచ్చినవన్నీ ములీన్ కుటుంబమే, మీ దగ్గరున్న దానికి అన్నదమ్ముల వరసయ్యే వెర్బాస్కమ్ బ్లట్టారియా, దానికీ మీ ములీన్‌కీ సంకరమైన మొక్క ఒకటీ. మీ కవర్లో గింజలు తేమ తగలకుండా డబ్బాలో వేసి పెట్టుకుంటే తొందరేం లేదు.

ఒంగోలు మిద్దెతోట
నేను పెంచాను. ఆన్‌లైన్‌లో మన దేశం వాళ్ళ దగ్గరే ప్యాకెట్ కొన్నాను, డాబా మీద 14 అంగుళాల తొట్లలో. మాది ఒంగోలు, కింద నేల మొత్తం రేగడి, వానకి బంక, ఎండకి పర్రెలు, దాన్లో ఈ మొక్క పెట్టాలనే ఆలోచనే వద్దు, అందుకే డాబా. చలికాలం అంతా ఎంత బాగా పెరిగాయో, జనవరి ఫిబ్రవరిల్లో పొద్దున పూట మంచు పడితే ఆ నూగు మీద తెల్లగా మెరుస్తా ఉంటే చూడాలి. ఎండాకాలం మాడిపోతాయేమో అని భయపడ్డాను గానీ మే నెల వడగాడ్పుల్లో కింద ఆకులు ఎండి రాలాయి తప్ప మధ్య మొవ్వు బతికింది, పైన గ్రీన్ నెట్ కట్టాను లెండి. అసలు దెబ్బ ఎండ దగ్గర కాదు, అక్టోబరు తర్వాత. ముసురు పట్టుకుని రోజుల తరబడి సూర్యుడు కనపడకపోతే ఆకు నూగులో నీళ్ళు నిలిచిపోయి, మొవ్వు కుళ్ళి, లాగితే ఊడొచ్చింది. సన్‌షేడ్ కింద చూరు వార పెట్టిన తొట్లు రెండు మాత్రం బాగున్నాయి. వాటికి పువ్వు ఇంతవరకు రాలేదు, మాష్టారు చెప్పింది కరెక్టే.

కానీ ఒకటి, ఆకు కోసమే పెంచొచ్చు అంటాను నేను. మా ఇంటికొచ్చిన వాళ్ళు పూల మొక్కల్ని వదిలేసి దాన్ని తడిమి చూస్తారు.

కావలి పెరడు
ఒంగోలు అక్కా చాలా థాంక్స్, పెంచినోళ్ళు చెప్తే ధైర్యం వస్తది. మాకూ అంతే గదా, ఎండాకాలం వానలు నామమాత్రం, అంతా అక్టోబరు, నవంబరు, డిసెంబర్లోనే కుమ్ముతది. 2023లో మిచాంగ్ తుఫాను అప్పుడు మా ఇసక నేలలో కూడా నీళ్ళు నిలబడినాయి. అంటే నీళ్ళు ఇంకే నేల ఉంటే సరిపోదు, పైనుంచి పడే నీళ్ళ సంగతి కూడా చూడాల.

కనిగిరి కుర్రాడు
నాకో ఐడియా. చలే గదా కావాల్సింది, మిర్చి కోల్డ్ స్టోరేజీలో తెలిసినోళ్ళుంటే తొట్టి ఒక నెల లోపల పెట్టించి తీసుకురా అక్కా. టిక్కీల మధ్యలో ఒక మూల పెట్టమని చెప్తే పెడతారు, అద్దె కూడా తక్కువే

టంగుటూరు నారుమడి
బయటికొచ్చేసరికి మొక్క తుమ్ముతా ఉంటది రా అబ్బాయ్

పెన్నా గట్టు
నవ్వులాటకి అన్నా సూత్రం తప్పు కాదు. కాకపోతే అక్కడ చీకటి, మొక్కకి తక్కువ వెలుతురన్నా పడాలి, పైగా మిర్చి ఘాటు. ఇంకొందరు గింజల్ని ఫ్రిజ్‌లో పెట్టి పోస్తే చలి తగిలినట్టే అనుకుంటారు, దీనికి అది పనికిరాదు. గింజ మొలవటానికి చలి అక్కర్లేదు, చలి కావాల్సింది పెరిగిన మొక్కకి, ఆకుల చక్రం జానెడు దాటాక. లంబసింగి లాంటి చోట చుట్టాలుంటే వేరే సంగతి.

ఉదయగిరి మేకలు
ఉదయగిరి దుర్గం మీద వేస్తే? పైన కోట దగ్గర చలి బానే ఉంటది, కొండ 3000 అడుగులు అంటారు గదా

పెన్నా గట్టు
మనకి చలి అనిపిస్తుంది గానీ దానికి కావాల్సిన చలి అది కాదు. పైగా అడివిలో, కొండ మీద బయటి గింజ చల్లటం వద్దే వద్దు.

వలస పక్షి
నాది కందుకూరు, ప్రస్తుతం కొలరాడోలో ఉంటున్నా. ఈ థ్రెడ్ చూసి నవ్వొచ్చింది, ఎందుకంటే ఇక్కడ ఇది మామూలు కలుపు, రాష్ట్రం వాళ్ళ కలుపు మొక్కల లిస్టులోనే ఉంది. యూరప్ నుంచి వచ్చిన వాళ్ళు తెచ్చారు, ఇప్పుడు హైవే పక్కన, తగలబడిన అడవిలో, ఎక్కడ నేల గీరుకుపోతే అక్కడ. ఒక్క మొక్కకి లక్షకి పైగా గింజలు వస్తాయి. పీకేటప్పుడు గ్లవ్స్ లేకపోతే నూగు చర్మానికి దురద. మీరేమో తొట్లో పెట్టి గొడుగు పడుతున్నారు! వేసేవాళ్ళు ఆలోచించుకోండి, సర్కారు తుమ్మ కూడా ఎవరో మంచికే తెచ్చారు, ఇప్పుడు మా పొలం గట్లన్నీ అదే.

ఒంగోలు మిద్దెతోట
సర్కారు తుమ్మకి మన ఎండ పడింది, వానా పడింది, అందుకని అల్లుకుంది. దీనికి పువ్వే రాకపోతే గింజ ఎక్కడిది, గింజ లేకపోతే పాకేది ఎక్కడ? డాబా మీద తొట్టిలో ఉన్నదానికి అంత భయం అవసరం లేదనుకుంటా.

పెన్నా గట్టు
ఇద్దరిదీ నిజమే. దీని గింజకి రెక్కలూ లేవు, దూదీ లేదు, ఎక్కువ భాగం తల్లి మొక్కకి నాలుగైదు మీటర్ల లోపే రాలుతుంది. ఒకవేళ ఎవరికన్నా పూసిందే అనుకోండి, కింది కాయలు గోధుమ రంగు తిరగ్గానే కాడ కోసేస్తే సరిపోతుంది. నాలుగేళ్ళు చూసి ధైర్యం వచ్చాక గింజ కట్టనివ్వాలా వద్దా అనేది తేల్చుకోవచ్చు.

చీమకుర్తి రాయి
నీళ్ళు నిలవకుండా ఉండాలంటే మా దగ్గరికి రండి, క్వారీల కాడ చిప్స్ గుట్టలు గుట్టలు. మా ఇంట్లో కలబంద, బ్రహ్మజెముడు అన్నీ దాన్లోనే. 6 ఎంఎం చిప్స్ ఒక పాలు, ముతక ఇసక ఒక పాలు, ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు గుప్పెడు. కోకోపీట్ మాత్రం కలపొద్దు, వానాకాలం అది నీళ్ళు పట్టుకుని వదలదు.

ఇంకోటి, మొక్క మొదలు చుట్టూ ఒక వేలు మందం చిప్స్ పరిస్తే కింద ఆకులు తడి మట్టికి తగలవు, కుళ్ళు సగం ఆడనే ఆగిపోతది. నల్ల గెలాక్సీ గ్రానైట్ చిప్స్ పరచమాకండి, మే నెలలో పెనం అయిపోద్ది, తెల్లవో ఎర్రవో చూసుకోండి. నా సరుకు నేనే వద్దంటున్నా చూడండి.

కావలి పెరడు
చిప్స్ దాకా ఎందుకు అన్నా, మాకు ఇసక ఉండాదిగా, అది చాలదా?

చీమకుర్తి రాయి
సముద్రం వార ఇసక సన్నం, వానకి గట్టిగా దిగేస్తది అమ్మా, పైగా ఉప్పు ఉంటది. ఏటి ఇసక అయితే మంచిది, ముతకది. మీ నేల ఎర్రమట్టి కలిసిందే అన్నారు గదా, జానెడున్నర ఎత్తు కట్ట కట్టి దాని మీద పెట్టండి, చాలు.

అల్లూరు రొయ్య
నాకు రెండు చెరువులు ఉన్నాయి అల్లూరు దగ్గర, గట్ల మీద ఎండకి ఏం బతకట్లేదు, ఇది వేస్తే గట్టు కోతకి ఆగుతదా? మేకలు కూడా తినవని ఎవరో అంటే విన్నా

పెన్నా గట్టు
చెరువు గట్టు మీద మాత్రం వద్దండీ. దీని గింజల్లో సాపోనిన్లు ఉంటాయి, యూరప్‌లో పాతకాలం జనం గింజలు నూరి నీళ్ళల్లో కలిపి చేపల్ని మత్తెక్కించి పట్టేవాళ్ళు. మీరు చెరువు ఎండబెట్టి రొయ్య పిల్ల వదిలే ముందు టీ సీడ్ కేక్ చల్లుతారు చూడండి, పిచ్చి చేపలు చావటానికి, దాన్లో పని చేసేదీ సాపోనినే. రొయ్య చేప కంటే దాన్ని బాగా తట్టుకుంటుంది, అయినా ఎందుకు లేనిపోని తలనొప్పి. గట్టు కోత ఆపటానికి కూడా ఇది పనికిరాదు, దీనిది ముల్లంగి మాదిరి ఒకటే తల్లివేరు, మట్టిని పట్టి ఉంచే పీచు వేళ్ళు అంతగా ఉండవు. గరిక పెంచుకోండి.

అల్లూరు రొయ్య
టీ సీడ్ కేక్ అనగానే అర్థమైపోయింది సార్, వద్దు. గరికే పెడతా

ఉదయగిరి మేకలు
మేకలు తినవా నిజంగా? మా మేకలు ఫ్లెక్సీ బ్యానర్లు కూడా తింటాయి

పొదిలి పాంథుడు
అందరూ పెంచటం గురించే మాట్లాడుతున్నారు, అసలు ఇది ఆయాసానికి, దగ్గుకి దివ్యౌషధం అంట కదా, ఎండు ఆకు చుట్టి పొగ పీలిస్తే ఊపిరితిత్తులు క్లీన్ అయిపోతాయని రీల్స్ వస్తున్నాయి. మా నాన్నకి ఆస్తమా ఉంది, ఒంగోలు అక్క గారు ఎండాకు కొంచెం పంపిస్తారా, కొరియర్ ఖర్చు నేనే పెట్టుకుంటా

ఆత్మకూరు సిస్టర్
నేను నర్సుగా చేస్తున్నా తమ్ముడూ, దయచేసి ఆ పని చేయొద్దు. ఆస్తమా ఉన్న మనిషికి ఏ ఆకు పొగైనా పొగే, ఊపిరి గొట్టాలు ఇంకా బిగుసుకుంటాయి. ఈ మొక్క ఆకు కషాయం యూరప్‌లో దగ్గుకి తాగేవాళ్ళు, అది నిజమే, కానీ దాంతో ఆస్తమా తగ్గుతుందని గట్టి రుజువు లేదు, పైగా ఆ నూగు గొంతులో గుచ్చుకుంటుంది కాబట్టి పల్చటి గుడ్డలో వడకట్టకుండా తాగకూడదు. నాన్నగారు వాడే ఇన్‌హేలర్ ఆపొద్దు, అది సరిగ్గా పీలుస్తున్నారో లేదో డాక్టరు దగ్గర ఒకసారి చూపించండి, చాలామంది తల పైకెత్తకుండా, ఊపిరి బిగబట్టకుండా వాడి మందు పనిచేయట్లేదు అంటారు. 2021లో కృష్ణపట్నం రోడ్డు మీద కరోనా నాటు మందు కోసం ఎగబడిన జనాన్ని చూసిన జిల్లా మనది, ఆశ ఎంత బలమైందో నాకు తెలుసు, కోపంతో చెప్పట్లేదు.

పెన్నా గట్టు
సిస్టర్ గారి మాటకి ఒకటి కలుపుతా. కొనుక్కొచ్చిన ఎండాకు అయితే అది ములీనే అని మీరెలా చెప్తారు? డిజిటాలిస్ అని ఇంకో మొక్క ఉంది, పూతకి రాకముందు దాని ఆకులు చూస్తే దీని మాదిరే కనపడతాయి, అది గుండె లయని మార్చేసే విషం. పొడి చేసి ప్యాకెట్లో పెడితే ఎవరికీ తేడా తెలీదు.

పొదిలి పాంథుడు
సరే సిస్టర్, ఇన్‌హేలర్ వాడే పద్ధతి చూపిస్తా. నాన్న తల దించుకునే కొట్టుకుంటారు, ఇప్పుడు మీరంటే గుర్తొచ్చింది

ఒంగోలు మిద్దెతోట
నేను ఎలాగూ పంపించేదాన్ని కాదు తమ్ముడూ, ఏమనుకోవద్దు. పైగా నా తొట్లలో పిండినల్లి పట్టినప్పుడు మందు కొట్టాను.

కావలి పెరడు
మాష్టారూ మళ్ళీ పూల దగ్గరికే వస్తావుండా, విసుక్కోబాకండి. చలి అక్కర్లేకుండా పూసే ములీన్ ఏదన్నా ఉండాదా?

పెన్నా గట్టు
విసుగేం లేదమ్మా, ఆ ప్రశ్న కోసమే చూస్తున్నా. తోటల వాళ్ళు సంకరం చేసిన రకాలు కొన్ని, 'సదరన్ చార్మ్' లాంటివి, గింజ పోసిన మొదటి ఏడే పూస్తాయి, లేత గులాబీ, గోధుమ రంగుల్లో. మన దేశంలో అమ్మేవాళ్ళ దగ్గర దొరికితే కొనుక్కోండి. విదేశీ సైట్ నుంచి కవర్లో తెప్పించుకోవటం మాత్రం కుదరదు, 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం గింజలకి దిగుమతి పర్మిటూ, తెగుళ్ళు లేవని అవతలి దేశం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్టూ ఉండాలి.

కానీ నేను చెప్పాలనుకుంది అది కాదు. మన గడ్డ మీద పుట్టిన ములీనే ఒకటుంది. వెర్బాస్కమ్ చైనెన్సి అంటారు ఇప్పుడు, నేను చదువుకునే రోజుల్లో సెల్సియా కోరమాండెలియానా. ఏటి ఒడ్లలో, వరి కోసిన మళ్ళల్లో, కాలవ గట్ల తేమలో, పాత గోడల సందుల్లో కూడా మొలుస్తుంది. ఎత్తు మహా అయితే మీటరు. ఆకులు దుప్పట్లంత ఉండవు, అడుగున ముల్లంగి ఆకులా చీలి ఉంటాయి, నూగు తక్కువ. పువ్వు మాత్రం అదే అక్క చెల్లెలు, చిన్న పసుపు పువ్వు, మధ్యలో కేసరాల కాడల మీద ఊదారంగు వెంట్రుకలు. ములీన్‌కి కేసరాలు 5, దీనికి 4, ఆ ఒక్క తేడా పట్టుకునే పూర్వం దీన్ని వేరే ప్రజాతిలో పెట్టారు. దీనికి మంచు కొండలు అక్కర్లేదు, మన చలికాలమే చాలు. పెన్నలో నీళ్ళు తగ్గాక ఒడ్డు వెంట పొద్దున్నే నడవండి, చలికాలం చివర్లో కనపడుతుంది. ఎవరూ చూడరు, కలుపు అని తొక్కుకుంటూ పోతారు.

టంగుటూరు నారుమడి
మాష్టారూ ఇది నేను చూశా! మా పొలం కాలవ మీద ఉంటది, పసుపు పూలు, పొద్దున ఉంటాయి, మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి ముడుచుకుంటాయి. కలుపు తీసే ఆడోళ్ళు పీకి పారేస్తారు

పెన్నా గట్టు
అదే అయ్యుండొచ్చు. కేసరాలు లెక్కపెట్టి ఫొటో పెట్టండి. ములీన్ పూలు కూడా అంతే, తెల్లారకముందే విచ్చుకుని మధ్యాహ్నం తర్వాత మూసుకుంటాయి, ఒక పువ్వుకి ఒకరోజే ఆయుష్షు. ఆలోపు తేనెటీగ రాకపోతే మూసుకునేటప్పుడు తన పుప్పొడే తనకి అంటించుకుంటుంది.

టంగుటూరు నారుమడి
ఫొటో పెట్టా చూడండి. 4 ఉన్నాయి. మా ఆవిడ పొద్దున్నే పొలంలో పువ్వు పట్టుకుని లెక్కలేంది అని తిట్టింది

పెన్నా గట్టు
అదే, సందేహం లేదు. కాయలు ఎండేదాకా పీకనివ్వొద్దు, గింజ కావలి అమ్మకి పంపించండి.

కావలి పెరడు
చాలా రోజుల తర్వాత రాస్తావుండా, అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు ఆలస్యంగా. మీరు చెప్పినట్టే డిసెంబరు చివర్లో వానలు అయిపోయినాక మడి లేపి, ఏటి ఇసక కలిపి, తమ్ముడు తెచ్చిన గింజల్లో సగం చల్లినా. టంగుటూరు అన్న చెప్పిన రోజ్ క్యాన్ దొరకలా, ప్లాస్టిక్ డబ్బా మూతకి సూదితో బొక్కలు పెట్టినా. మొలకలు దట్టంగా వచ్చినాయి, మరీ దట్టంగా, ఇప్పుడు ఒక మూల నారు సొమ్మసిల్లి పడిపోతావుండాది, మొదట్లో నల్లగా అయిపోయి. ఇంకో మూల అంతా బానే ఉండాది.

టంగుటూరు నారుమడి
నారుకుళ్ళు అక్కా అది, మాకు ఏటా ఉండేదే. పడిపోయిన మూల మట్టితో సహా తీసి దూరంగా పారేయండి, సాయంత్రం నీళ్ళు ఆపేసి పొద్దున ఒక్కసారే ఇవ్వండి, లీటరు నీళ్ళకి 2 గ్రాములు కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మడి అంతా తడిసేలా పోయండి. మిగతాది పల్చన చేయండి, రెండు వేళ్ళ సందు ఉండాలి. జాలి పడితే మొత్తం పోద్ది. నాలుగైదు ఆకులకే తీసి అసలు చోట నాటేయండి, వేరు దిగినాక కదిపితే ఊరుకోదు. మొక్కకీ మొక్కకీ మూరెడు పైన వదలాలి, మీటరులో రెండుకి మించి వద్దు, ఇప్పుడు చూస్తే జాగా వేస్టు అనిపిస్తది, ఏప్రిల్‌కి తెలుస్తది.

ఒంగోలు మిద్దెతోట
నీళ్ళు మొదట్లోనే పోయండి, ఆకుల మీద పడకుండా. నాటాక కుదురుకునే దాకానే రోజూ, తర్వాత పైన రెండు అంగుళాలు ఎండితేనే. యూరియా గీరియా వేయకండి, మెత్తబడి పడిపోతుంది.

కావలి పెరడు
నాటినా. ఇప్పుడు అరచేతంత అయినాయి, అప్పుడే తెల్లగా నూగు వచ్చేసింది. పక్కింటోళ్ళ మేక ఒకటి దూరింది నిన్న, బంతి మొత్తం తినేసింది, దీన్ని ఒక్క కొరుకు కొరికి ఉమ్మేసి పోయింది.

ఉదయగిరి మేకలు
మీ ఊరి మేకలకి ట్రైనింగ్ లేదు

కనిగిరి కుర్రాడు
అక్కా టంగుటూరు అన్న దగ్గర నుంచి లోకల్ ములీన్ గింజలు వచ్చినాయా? వస్తే నాకూ కొంచెం, మా అమ్మ అడుగుతా ఉంది. మావి ఫ్లోరైడ్ నీళ్ళు, సున్నం కూడా ఎక్కువ, వస్తదంటావా

పెన్నా గట్టు
పెద్ద ములీన్‌కి సున్నపు నేల అంటే ఇష్టమే, హిమాలయాల్లోనూ యూరప్‌లోనూ అలాంటి చోట్లే బాగా కనపడుతుంది. చిన్నదానికి మాత్రం మీ మెట్ట నేల ఎండిపోతే కష్టం, అది తేమ ఉన్న ఒడ్డు మొక్క. బోరు పంపు కాలవ పక్కన, తడి ఆరీఆరనట్టు ఉండే చోట వెయ్యి. నవంబరు, డిసెంబర్లలో చల్లు.

కావలి పెరడు
అన్న పంపిస్తానన్నాడు, కాయలు ఎండాలంట. వచ్చినాక పోస్టు కవర్లో నీకూ వేస్తా తమ్ముడూ, అడ్రస్ ఇక్కడ పెట్టబాక, మెసేజ్ చెయ్యి.

ఒంగోలు అక్కా, వచ్చే అక్టోబరుకి మీరు సన్‌షేడ్ అన్నారు గదా, నాది పెరడు, పైన ఏం లేదు. ఏం కట్టమంటారు?

ఒంగోలు మిద్దెతోట
నాలుగు సరుగుడు గుంజలు పాతి పైన పాలిథిన్ షీట్ ఏటవాలుగా కట్టండి, పక్కలు నాలుగూ వదిలేయాలి, గాలి ఆడకపోతే షీట్ కింద కూడా కుళ్ళుతుంది. ఏటవాలు ఈశాన్యం వైపుకి దించండి, మనకి ఆ నెలల్లో జల్లు అటునుంచే కొడుతుంది. తుఫాను అంటే మాత్రం ముందురోజే షీట్ విప్పేయండి, లేకపోతే గుంజలతో సహా ఎగిరి మొక్కల మీదే పడుతుంది.